గేటు బయట మేం లేం

జైల్లో మేం నడిపిన తరగతుల్లో మొదటి పాఠం బాధ్యత ఒప్పుకోవడం. జరిగింది చెప్పేటప్పుడు 'ఆ రోజు పరిస్థితి అట్లా వచ్చింది', 'తాగి ఉన్నాను', 'వాడే ముందు చెయ్యెత్తాడు' లాంటి మాటలన్నీ పక్కనపెట్టి, 'నేను ఈ పని చేశాను, దానివల్ల ఫలానా మనిషికి ఈ నష్టం జరిగింది' అని చెప్పగలగాలి అనేవాళ్ళం. ఆ మాట నోట రావడానికి కొందరికి వారాలు పట్టేది. వచ్చిన రోజు గదిలో అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. అదే నియమం మాకూ పెట్టుకుని ఇది రాస్తున్నాను.

'మేం' అంటే ఉస్మానియా క్యాంపస్‌లోనూ, తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ కాలనీల్లోనూ ఉంటూ జైళ్ళకి వెళ్ళి ఖైదీలకి ప్రవర్తన మార్పు తరగతులు చెప్పిన ఫెసిలిటేటర్లం. మాలో అధ్యాపకులున్నారు, రీసెర్చి స్కాలర్లున్నారు, సైకాలజీ, సోషల్ వర్క్ చదివే పిల్లలున్నారు, ఉద్యోగం నుంచి రిటైరై ఏదైనా మంచి పని చేద్దామని వచ్చినవాళ్ళున్నారు. మేం చేసింది ఇది: విడుదలయ్యే మనిషిని సమాజంలోకి వెళ్ళడానికి తయారు చేస్తామన్నాం. ఆ సమాజం అంటే మా ఇల్లు, మా వీధి, మా క్యాంపస్. వాటిని మాత్రం అతని కోసం వీసమెత్తు కూడా తయారు చెయ్యలేదు. నష్టపోయింది మమ్మల్ని నమ్మినవాళ్ళు.

ఈ పనే దండగని నేననను. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి మహమ్మద్ గియాసుద్దీన్ కేసు సుప్రీంకోర్టు ముందుకి వెళ్ళింది. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగుల్ని నమ్మించి, మనిషికి 1,200 రూపాయల చొప్పున తీసుకుని మోసం చేసిన యువకుడి కేసు అది. జస్టిస్ కృష్ణయ్యర్ అతని శిక్ష తగ్గించారు. అంతటితో ఆగకుండా, ఆ మనిషి విషయంలో జైలు ఏం చెయ్యాలన్నది వివరంగా రాశారు. అతనికి తగిన పని ఇవ్వాలని, పగ తీర్చుకునే శిక్ష కన్నా మనిషిని తిరిగి నిలబెట్టే శిక్షే సమాజానికి మేలని ఆ తీర్పు సారాంశం. మా శిక్షణ ఫైల్లో ఆ తీర్పు అన్నిటికన్నా ముందుండేది. తెలంగాణ వచ్చాక జైళ్ళ శాఖ 'విద్యాదానం' మొదలుపెట్టింది. వేలిముద్ర వేసి లోపలికొచ్చిన మనిషి సంతకం పెట్టి బయటికి వెళ్ళాలన్నది దాని లక్ష్యం. ఉస్మానియాలో సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన బీనా చింతలపురి 'ఉన్నతి' అనే కార్యక్రమాన్ని రూపొందించి ఖైదీల ఆలోచనా తీరు మీద పనిచేశారు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా జైల్లోనే డిగ్రీ పూర్తిచేసినవాళ్ళున్నారు. ఇవేవీ చిన్న పనులు కావు. వీటిని చూసే మాలాంటివాళ్ళకీ లోపలికి వెళ్ళాలనిపించింది. మా బృందం వేరు, మా తప్పూ వేరు.

ఆ గది ఎలా ఉండేదో చెప్పాలి. నేల మీద జంపఖానా, గోడకి చాక్‌పీసుతో రాసే నల్లబోర్డు, ఒక మూల తిరిగీ తిరగని ఫ్యాను. ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, తనిఖీ చేయించుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. కోపం వచ్చే ముందు ఒంట్లో ఏమవుతుంది, ఎవరైనా తిడితే వెంటనే బదులివ్వకుండా ఎలా ఆగాలి, అప్పులవాడు ఇంటిమీదికి వస్తే ఏం మాట్లాడాలి, ఇలాంటివి చిన్న నాటకాల్లా వేయించేవాళ్ళం. అప్పులవాడి వేషం వెయ్యమంటే పోటీపడేవాళ్ళు. అందులో నవ్వులుండేవి, ఒక్కోసారి ఏడుపులూ ఉండేవి. సాయంత్రం లెక్క తీసే వేళకి ఎవరి బ్యారక్‌కి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. మేం చర్లపల్లి నుంచి నాచారం మీదుగా తార్నాకకి వచ్చేసేవాళ్ళం. ఆ గదిలో కొందరు నిజంగా మారారు. ఆ సంగతి ఇప్పటికీ గట్టిగా చెప్తాను.

మారారని మేం ఎలా లెక్కవేశామన్నదే అసలు సంగతి. తరగతులు మొదలవక ముందు ఒక ప్రశ్నాపత్రం, అయిపోయాక మళ్ళీ అదే ప్రశ్నాపత్రం. కోపం తగ్గిందా, ఆత్మగౌరవం పెరిగిందా, ఎదుటివాడి బాధ అర్థమవుతోందా అని మార్కులు వేసేవాళ్ళం. రెండు కొలతలూ అదే గోడల మధ్య తీసినవి. బయటికెళ్ళిన మనిషి ఆరు నెలల తర్వాత ఎక్కడ పడుకుంటున్నాడో, ఏం తింటున్నాడో, మళ్ళీ స్టేషన్‌కి ఎందుకు పిలిపించారో తెలుసుకునే గడి మా ఫారంలోనే లేదు. 1974లో అమెరికాలో రాబర్ట్ మార్టిన్సన్ జైలు సంస్కరణ కార్యక్రమాల మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, ఏదీ పెద్దగా పనిచెయ్యడం లేదన్నట్టు రాస్తే పెద్ద దుమారమే రేగింది. 1979లో ఆయనే ఆ మాట చాలావరకు సవరించుకున్నాడు. ఆ వాదన పొడుగునా ఇరుపక్షాలూ చూసింది మనిషి విడుదలయ్యాక మళ్ళీ నేరంలోకి వెళ్ళాడా లేదా అన్నది. మేం మార్టిన్సన్‌ని క్లాసులో పాఠంగా చెప్పాం. ఆయన అడిగిన ప్రశ్న మా పనికి వేసుకోలేదు. ఆ పట్టికలతో పీహెచ్‌డీలు వచ్చాయి, సెమినార్లలో పేపర్లు చదివాం, శాలువాలు కప్పించుకున్నాం. ఖైదీల జవాబులు మా బయోడేటాల్లోకి ఎక్కాయి.

ఇంకొకటుంది. ఈ కొలతలకి మనిషి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా బ్యాచ్‌లో ఉండాలి. రిమాండ్ ఖైదీ ఎప్పుడు బెయిలు మీద వెళ్తాడో, ఎప్పుడు పీటీ వారెంటు మీద ఇంకో కోర్టుకి వెళ్తాడో తెలియదు కనక వాళ్ళని వద్దనుకున్నాం. శిక్ష పడ్డవాళ్ళతోనే బ్యాచ్‌లు కట్టాం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది, అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది. అంటే నూటికి డెబ్బై అయిదు మందిని దాటిన ఆ భాగాన్ని, ఇంకా నేరం రుజువు కానివాళ్ళని, మా పట్టిక పాడవుతుందని వదిలేశాం.

వాళ్ళకి కావలసింది మా తరగతి కాదు కూడా. చాలామందికి కావలసింది జామీను. బెయిలు ఉత్తర్వు వచ్చినా ష్యూరిటీ ఇచ్చేవాళ్ళు లేక లోపలే ఉండిపోయినవాళ్ళు ప్రతి జైల్లో ఉన్నారు. వాళ్ళ కోసమే 2023 జనవరిలో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. మొదట్లో దాని కింద విచారణ ఖైదీ బెయిలుకి 40,000 రూపాయల దాకా సాయం దొరికేలా పెట్టారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్ళు ఇప్పటి నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే విడుదలకి అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకి ఇది వర్తించదు. ఈ సంగతులు చెప్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. అప్లికేషన్ రాసిపెట్టడానికి ఇంకో మధ్యాహ్నం. లా కాలేజీ మా క్యాంపస్‌లోనే ఉంది. జామీనుకి కోర్టు అడిగేది జీతం సర్టిఫికెట్టో, ఇంటిపన్ను రసీదో. ఆ రెండూ మాలో చాలామంది బీరువాల్లో ఉన్నాయి. మాలో ఒక్కరూ ఏ ఖైదీకీ జామీను నిలబడలేదు. 'మనకెందుకొచ్చిన గొడవ' అని బయటికి అనలేదు గానీ, జామీను మాట వచ్చినప్పుడల్లా గదిలో అందరం గడియారం చూసుకునేవాళ్ళం.

మేం కూర్చున్న జంపఖానాని పొద్దున్నే ఎవరు దులిపారో, ఆ గదిని ఎవరు ఊడ్చారో కూడా అడగలేదు. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, కులాన్ని బట్టి ఊడ్చే పని, వంట పని పంచే నిబంధనలు చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఇంకా అచ్చులో ఉన్నాయని దేశమంతటికీ తెలిసింది. వాటిని కోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసిన సుకన్య శాంత ఒక జర్నలిస్టు. జైళ్ళ లోపలికి అనుమతితో, బ్యాడ్జీలతో ఏళ్ళ తరబడి వెళ్ళివస్తున్న మేం కాదు. వారమంతా క్యాంపస్‌లో కులం గురించి పాఠాలు చెప్పి, వారాంతం జైలుకెళ్ళినవాళ్ళం మేం. అక్కడ మాకు కనబడింది కోపం, తాగుడు, చెడు సావాసం. మా ఫారంలో ఉన్నవి అవే. దేశంలోని ఖైదీల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలవాళ్ళని, అంతే భాగం పదో తరగతి దాటనివాళ్ళని ప్రభుత్వ లెక్కలే ప్రతి ఏటా అచ్చు వేస్తున్నాయి. అయినా ఒక మనిషి బుద్ధిలో ఏదో లోపముందని, దాన్ని సరిచేస్తే చాలని నమ్మడం మాకు తేలిక. అలా నమ్మితే మా జీవితాల్లో ఏదీ మార్చుకోనక్కర్లేదు కదా.

మహిళా జైలు సంగతి ఇంకా కష్టం. ఆరేళ్ళ లోపు పిల్లలు తల్లితో పాటు జైల్లో ఉండొచ్చు. వాళ్ళకి ఏమేం ఉండాలో 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులోనూ ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. మగవాడు జైల్లో ఉంటే భార్యో తల్లో ములాఖత్‌కి వస్తుంది. ఆడమనిషి జైల్లో ఉంటే వచ్చేవాళ్ళు అరుదు. విడుదలయ్యాక ఆమె వెళ్ళడానికి ఇల్లు ఉంటుందన్న నమ్మకం లేదు. మేం ఏం చేశాం? కుట్టుపని నేర్పించే మనిషిని తీసుకెళ్ళి, చివరి రోజు వాళ్ళు కుట్టిన సంచులు కొనుక్కుని వచ్చాం.

ఇప్పుడు సర్టిఫికెట్ గురించి. బ్యాచ్ ముగిసినప్పుడు అధికారుల చేతుల మీదుగా సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళం. మంచి దళసరి కాగితం, చుట్టూ బంగారు రంగు అంచు, పైన జైలు పేరు పెద్ద అక్షరాల్లో, కింద మా సంతకాలు. ఒకసారి ఒకాయన దాన్ని అందుకుని, ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు చదువుకున్నాడు. తర్వాత పైభాగాన్ని, జైలు పేరున్నంత మేర, వేలితో వెనక్కి మడిచి చూశాడు. "సార్, గింత మందం మడిస్తె కనవడకుంటయితది గద? గప్పుడు గీ కాయితం జూపెట్టి పని అడగొచ్చా?" అన్నాడు. వెటకారం కాదది, నిజంగా సలహా అడిగాడు. ఆ సర్టిఫికెట్ ఎవరికి పనికొస్తుందని మేం తయారుచేశామో అప్పటిదాకా ఎవరం ఆలోచించలేదు. తర్వాతి బ్యాచ్‌కీ అదే డిజైన్ అచ్చు వేయించాం, ఎందుకంటే ప్రెస్‌లో పాత ఫైలు ఉంది.

ఆ మనిషే విడుదలయ్యాక తార్నాకకి వచ్చాడు. ఊరు, పేరు, కేసు చెప్పను. ముప్ఫై దాటినవాడు, జైల్లో మగ్గం పని నేర్చినవాడు. 'ఏ అవసరమొచ్చినా మా దగ్గరికి రా' అని ఆఖరి క్లాసులో మేమే అన్నాం. అందరికీ అనే మాట అతను మనసులో పెట్టుకుని వచ్చాడు. మెట్రో స్టేషన్ కింద ఎవరిదో ఫోన్ అడిగి మాట్లాడాడు. అతని సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఆ నంబరు వేరే ఎవరికో వెళ్ళిపోయింది. ఆధార్‌కి ఉన్నది ఆ నంబరే, బ్యాంకు ఖాతాకి ఉన్నదీ ఆ నంబరే. ఓటీపీ రాదు కనక తన డబ్బు తనకే అందదు. ఇది విడుదలయ్యే చాలామందికి వచ్చే చిక్కని, విడుదలకి నెల ముందే లోపల సరిచెయ్యగల పని అని మాకు అప్పుడు అర్థమైంది. మా తరగతుల్లో 'విడుదలైన మొదటి రోజు' అని ఒక పాఠమే ఉండేది. అందులో సూర్యోదయం బొమ్మ ఉంది. ఆధార్ సంగతి లేదు.

మాలో ఒకాయన అతనితో పాటు లాలాపేట వైపు గదులు చూడటానికి వెళ్ళాడు. టు-లెట్ బోర్డులకి కొదవలేదు. యూనివర్సిటీ పిల్లలు, పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు ఉండే వీధులు కనక ఒంటరి మగవాళ్ళకి గది దొరకని చోటేం కాదు. ఒక ఇంటావిడ అన్నీ చూపించి, నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పి, ఇన్నేళ్ళూ ఎక్కడ పనిచేశావు బాబూ అని అడిగింది. అతను మేం నేర్పినట్టే చెప్పాడు. తడుముకోలేదు, సాకులు చెప్పలేదు, తప్పు తనదేనన్నాడు. ఆ ఒప్పుకోలుకి మేం జైల్లో చప్పట్లు కొట్టాం. ఆవిడ 'మా సార్‌ని అడిగి చెప్త' అని తలుపు వేసుకుంది. ఇంకో ఇంట్లోనూ అదే జరిగింది.

సాయంత్రం మేం ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. అన్నీ చెప్పుకోనక్కర్లేదు, ఇన్నేళ్ళూ దుబాయిలో ఉన్నానని చెప్పమందాం అని తేల్చాం. మన జిల్లాల్లో అది ఎవరూ అనుమానించని జవాబు. ఆ మాట చెప్తే అతను కాసేపు మాట్లాడలేదు. "లోపలున్నప్పుడు నిజం చెప్పుమంటిరి గద సార్" అన్నాడు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. మేం నేర్పిన మొదటి పాఠాన్ని మేమే మా పేటలో రద్దు చేశాం.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో అతనికి గది, పని కావాలని రాశాం. చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చాయి. 'దేవుడు అతనికి మేలు చెయ్యాలి' అని ఒకరు రాశారు. మాలో కొందరికి సొంత ఇళ్ళున్నాయి. మా ఇంటి మీద గది అప్పుడు ఖాళీగానే ఉంది. ఆ గ్రూపులో ఆ సంగతి నేను రాయలేదు. ఇంట్లో ఆడపిల్లలున్నారు, పక్కింటివాళ్ళు ఏమంటారు అని నాకు నేను చెప్పుకున్నాను. అతని కేసు కాగితాలు నేను చదివినవాణ్ణి. అతనితో ఒక గదిలో గంటలు గంటలు కూర్చున్నవాణ్ణి. ఆ మనిషి వల్ల మా ఇంటికి ప్రమాదం లేదని ఈ నగరంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. తెలియని ఇంటావిడ తలుపు వేసుకుందంటే అర్థముంది. తెలిసి వేసుకున్నది మేం.

పని కోసం ఒక హాస్టల్ మెస్ నడిపే కాంట్రాక్టరుని అడిగాం. ఎవరైనా పెద్దమనిషి బాధ్యత తీసుకుని ఉత్తరం రాసిస్తే చూస్తానన్నాడు. లెటర్‌హెడ్ మీద రాయడం కుదరదని ఒకరు, వ్యక్తిగతంగా రాస్తే రేపు ఏదైనా జరిగితే ఎట్లా అని ఇంకొకరు. నెలాఖరుకి అతను భీవండి వెళ్ళిపోయాడు. అక్కడ మరమగ్గాల మీద తెలంగాణవాళ్ళు తరాలుగా బతుకుతున్నారు. పని చూపించిందెవరంటే, జైల్లో పక్క చాపవాడు, అతనికన్నా ముందు విడుదలై వెళ్ళినవాడు. పాత సావాసాలు తెంచుకుంటేనే కొత్త బతుకు అని మా ఆరో పాఠం. ఆ పాత సావాసమే అతనికి అన్నం పెట్టింది. మా పాఠం విని ఉంటే వీధిలో పడుకునేవాడు.

ఈ క్యాంపస్‌కి జైలు నుంచి వచ్చినవాళ్ళని ఎలా ఎదుర్కోవాలో తెలియదనడానికి వీల్లేదు. తెలుగునాట ఈ సంగతి ఇంతకన్నా బాగా తెలిసిన చోటు ఉండదేమో. 1969 తెలంగాణ ఉద్యమంలో విద్యార్థి నాయకుల్ని రాజమండ్రి జైలు దాకా తీసుకెళ్ళారు. 2009 తర్వాత అదే ఉద్యమం మళ్ళీ సాగినప్పుడు చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ పేర్లు హాస్టల్ గదుల్లో రోజువారీ మాటలయ్యాయి. మన పిల్లలు లోపలికి వెళ్ళినప్పుడు వకీళ్ళు ఫీజు అడగలేదు. జామీనుకి మనుషులు ముందుకొచ్చారు. విడుదల రోజున గేటు దగ్గర డప్పులు మోగాయి, మెడలో దండలు పడ్డాయి, ఆర్ట్స్ కాలేజీ దాకా ఊరేగింపు వచ్చింది. వాళ్ళ మీది కేసులు ఎత్తెయ్యాలని తీర్మానాలు చేశాం, రాష్ట్రం వచ్చాక ఎత్తేస్తామన్న ప్రకటనలూ వచ్చాయి. ఎవరికీ గది దొరక్కపోలేదు. జైలుకెళ్ళి రావడం వాళ్ళకి గౌరవమే అయింది. వాళ్ళు దానికి అర్హులు. అయితే అదే బ్యారక్‌లో వాళ్ళ పక్కన పడుకున్న దొంగతనం కేసువాడు, తాగిన గొడవలో చెయ్యి చేసుకున్నవాడు అదే గేటులోంచి బయటికొస్తే ఈ క్యాంపస్ నుంచి ఎవరూ వెళ్ళలేదు. ఏం చెయ్యాలో మనకి తెలుసు, చెయ్యగలం కూడా. అదంతా మన వాళ్ళకే దాచుకున్నాం.

వట్టికోట ఆళ్వారుస్వామి అలా దాచుకోలేదు. నిజాం పాలన మీద పోరాడి నిజామాబాద్ జైల్లో కవి దాశరథితో కలిసి ఉన్న రాజకీయ ఖైదీ ఆయన. బయటికొచ్చి 'జైలు లోపల' కథలు రాసినప్పుడు తన త్యాగం గురించి చెప్పుకోవడం కన్నా, తనతో పాటు లోపలున్న మామూలు ఖైదీల బతుకుల మీద చూపు నిలిపాడు. తెలంగాణ సాహిత్యం చదువుకున్న ప్రతి విద్యార్థికీ ఆ పుస్తకం పేరు తెలుసు. పరీక్షల్లో దాని మీద ప్రశ్న వస్తుంది. మేం ఆ ప్రశ్నకి జవాబు రాశాం, మార్కులు వేశాం.

బాధితుల సంగతేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనది. ఇల్లు దోచుకుపోయిన మనిషిని, కొడుకుని పోగొట్టుకున్న తల్లిని పక్కనపెట్టి ఖైదీ మీదే జాలి పడమని నేను చెప్పను. కొన్ని నేరాలు చేసినవాళ్ళ మధ్యకి మేం కూడా భయపడుతూనే వెళ్ళాం. అయితే శిక్ష పడింది, పూర్తయింది, కోర్టు వదిలింది. ఆ తర్వాత అతనికి గదీ పనీ లేకుండా చేస్తే బాధితుడికి కలిగే ఊరట ఏమీ లేదు. ఇంకో బాధితుడు తయారవడానికి మాత్రం అవకాశముంది. ఈ సంగతి సెమినార్లలో మేం చెప్పిందే.

ప్రభుత్వం చెయ్యాల్సిన పని మేమెలా చేస్తాం అన్నది మేం చాలాకాలం పట్టుకు వేలాడిన సాకు. జైళ్ళ శాఖ తన పెట్రోల్ బంకుల్లో ఖైదీలతో పాటు విడుదలైనవాళ్ళకి కూడా పని ఇచ్చింది. వాళ్ళని బంధించి ఉంచిన శాఖే గేటు బయట వాళ్ళకి యజమాని కావాల్సి వచ్చిందంటే, మిగిలినవాళ్ళం ఏం చేస్తున్నట్టు? అమెరికాలో జైలుకెళ్ళి వచ్చినవాళ్ళే 2004లో ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ఉద్యోగ దరఖాస్తు మొదటి కాగితం మీద 'మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా' అన్న గడి తీసెయ్యాలని అడిగారు. చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. అదే ఏడాది సింగపూర్ పసుపు రిబ్బన్ పేరుతో, విడుదలైనవాళ్ళని అంగీకరించమని ఊరి జనానికే పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. తరగతి ఎవరికి చెప్పాలో వాళ్ళకి అర్థమైంది. మేం తార్నాకలో ఒక్క అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో ఈ విషయం ఎత్తలేదు. ఒక్క హాస్టల్ వార్డెన్‌తో, ఒక్క స్టడీ హాల్ యజమానితో కూర్చుని మాట్లాడలేదు. ఖైదీలతో మాట్లాడటం సులువు. వాళ్ళు లేచి వెళ్ళిపోలేరు.

మా బృందంలో కొత్త బ్యాచ్ గురించి మళ్ళీ మాటలు నడుస్తున్నాయి. నా వంతుగా ఒక షరతు పెట్టాను. లోపలికి వెళ్ళాలనుకునే ప్రతి ఫెసిలిటేటరూ ముందు ఒక కాగితం మీద తన పేరు రాసి, దాని ఎదురుగా ఈ నాలుగింట్లో ఒకటి రాయాలి: జామీను, గది, పని ఇప్పించే పూచీ ఉత్తరం, విడుదల రోజు గేటు దగ్గరికి వెళ్ళి ఆధార్ పని అయ్యేదాకా తోడుండటం. ఏదీ రాయలేనివాళ్ళు తరగతి చెప్పడానికి రాకూడదు. మొదటి పేరు నాది, దాని ఎదురుగా మా ఇంటి మీది గది రాశాను. మా ఇంట్లో ఇంకా వాదన తెగలేదు. ఆ వాదన మా ఇంట్లో జరగాల్సిందే.

తార్నాక, హబ్సిగూడ, లాలాపేట, విద్యానగర్‌లలో ఇల్లో, దుకాణమో, మెస్సో ఉన్నవాళ్ళకి ఒక మనవి. మీ దగ్గరికి వచ్చి నిజం చెప్పిన మనిషిని ఆ నిజం కోసమే వెనక్కి పంపకండి. మీకు భయముంటే మమ్మల్ని పిలవండి, అతని గురించి మాకు తెలిసింది అతని ఎదుటే చెప్తాం, పూచీ సంతకం పెడతాం. పెట్టకపోతే మమ్మల్ని నిలదీయండి. జనవరి 26కో, ఆగస్టు 15కో సత్ప్రవర్తన కింద విడుదలలు ఉంటూనే ఉన్నాయి. బెయిలు మీద వచ్చేవాళ్ళు ఇంచుమించు రోజూ వస్తూనే ఉంటారు. చర్లపల్లి మనకి దూరమేం కాదు. ఈసారి గేటు దగ్గరికి మాతో రండి.